విలేకరులకు మీడియా చట్టాల కోర్సు: బోధన బాగుంది, నోట్సు పాతది

హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థ విలేకరులకూ జర్నలిజం విద్యార్థులకూ తెలుగులో నిర్వహించే ఈ వారాంతపు కోర్సులో, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ చట్టం) తరగతి ఒక్కదాని కోసమైనా చేరవచ్చు. బాధిత బాలిక పేరు మార్చి రాస్తే చాలుననే నమ్మకం మన విలేకరుల్లో ఇంకా ఉంది. చట్టంలోని 23వ సెక్షన్ మాత్రం చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, పాఠశాల, నివసించే ప్రాంతం సహా గుర్తింపును బయటపెట్టే ఏ వివరాన్నీ ప్రచురించరాదంటుంది. అధ్యాపకురాలు ఒక నమూనా వార్తను తెరపై ఉంచి, తండ్రి వృత్తి, ఇంటి పక్కనున్న గుడి, చదివే తరగతి కలిస్తే ఊరంతటికీ ఆ పాప ఎవరో తెలిసిపోతుందని, ఒక్కొక్క మాటనూ కొట్టివేస్తూ చూపించారు. డెస్కులో కూర్చునే ప్రతి ఒక్కరూ వినవలసిన పాఠమిది.

పరువునష్టం కేసుల్లో వార్త నిజమైతే సరిపోదనీ, క్రిమినల్ చట్టం కింద దాని ప్రచురణ ప్రజాహితం కోసమేనని కూడా చూపవలసి ఉంటుందనీ ఉదాహరణలతో చెప్పారు. ప్రభుత్వ రికార్డుల ఆధారంగా రాసే స్వేచ్ఛకు దన్నుగా నిలిచిన 1994 నాటి ఆటో శంకర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పును ఇంత తేటగా వివరించడం అరుదు. కోర్టు ధిక్కారాన్ని మాత్రం హడావుడిగా ముగించారు.

అసలు లోపం నోట్సులో ఉంది. 2024 జులై 1 నుంచి పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉండగా, పరువునష్టానికి 356వ సెక్షన్ బదులు ఐపీసీ 499, 500 సెక్షన్లనే ముద్రించి ఇవ్వడం విద్యార్థులకు అన్యాయం. తదుపరి బ్యాచ్‌కైనా వాటిని సవరించి ఇవ్వాలి.