బ్రాండ్ లేని కార్బన్ ఫ్రేమ్ మీద నాలుగేళ్లు

2021 డిసెంబరులో తెప్పించుకున్న బ్రాండ్ లేని కార్బన్ సైకిల్ ఫ్రేమ్ మీద ఇప్పటికి 17,000 కిలోమీటర్లు తొక్కాను. అందులో ఎక్కువ భాగం తెల్లవారుజామున విశాఖ ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లి వచ్చినదే. మిగిలినది కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్లు, ఏడాదికి రెండు మూడుసార్లు ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కే దారి. ఇదే ఆకారంలో ఉండే పేరున్న ఫ్రేమ్ రెండున్నర లక్షలు పలుకుతున్న రోజుల్లో, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు, సీట్ పోస్టు కలిపి, కస్టమ్స్ సుంకంతో సహా నాకు 58,000 రూపాయలు అయింది. ఇలాంటిది కొనవచ్చా అని తోటి సైక్లిస్టులు తరచుగా అడుగుతున్నారు కనుక నాకు ఎదురైనవన్నీ దాచకుండా రాస్తున్నాను.

ఈ ఫ్రేముల్లో రెండు రకాలున్నాయన్నది ముందుగా తెలుసుకోవాలి. పెద్ద కంపెనీ పేరూ గుర్తూ దొంగతనంగా అచ్చు వేసి అమ్మేవి నకిలీలు. వాటిని చేసినవాడు తన పేరు చెప్పడు, విరిగితే మనం అడగడానికి ఎవరూ ఉండరు, కాబట్టి వాటి జోలికి పోకూడదన్నదే నా గట్టి అభిప్రాయం. రెండో రకంలో ఫ్యాక్టరీ తన సొంత అచ్చుతో చేసి, ఏ పేరూ వేయకుండా అమ్ముతుంది. వెనుక సన్నగొట్టాలు సీటు దాకా పోకుండా దిగువనే కలవడం, కిందిగొట్టం గాలికి అనువుగా వెనుక చదునుగా ఉండడం వంటి పోలికలు పేరున్న ఫ్రేములను గుర్తుచేసినా, ఇది వేరే వస్తువు. నాది ఈ రెండో రకం.

ఆకారం కలిసినంత మాత్రాన బలం కలవదు. కార్బన్ పోగు తన పొడవునా లాగితే గట్టిగా నిలుస్తుంది, అడ్డంగా లాగితే ఆ బలం ఉండదు. అందుకే రెసిన్ అనే జిగురు పట్టించిన పోగు పొరలను కొన్నింటిని గొట్టం పొడవునా, కొన్నింటిని 45 డిగ్రీల వాలులో, కొన్నింటిని అడ్డంగా పేర్చి, అచ్చులో పెట్టి, లోపలి నుంచి గాలితిత్తితో ఒత్తుతూ వేడి చేస్తారు. ఏ చోట ఎన్ని పొరలు, ఏ వాలులో వేశారన్నదే అసలు డిజైను. అది బయటి నుంచి కనిపించదు, ఫొటో చూసి నకలు చేయగలిగేదీ కాదు. అమ్మేవాళ్లు ‘టీ800’, ‘టీ1000’ అని గొప్పగా రాస్తారు. ఇవి టోరే కంపెనీ పోగుల రకాలు. టీ700 పోగు బిగువు (సాగకుండా నిలిచే గుణం) 230 గిగాపాస్కల్‌లు, టీ800ది 294. తేడా నిజమే కానీ, ఫ్రేములో ఆ పోగు ఎంత శాతం, ఎక్కడ వాడారో చెప్పనప్పుడు ఆ అంకెతో మనకు ఒరిగేది తక్కువ. సాధారణ టీ700 పొరలు శ్రద్ధగా పేర్చిన ఫ్రేమ్, అజాగ్రత్తగా చేసిన టీ1000 ఫ్రేమ్ కన్నా నమ్మదగినది.

కొనేముందు నేను అడిగింది ఒక్క కాగితం: ఐఎస్ఓ 4210 పరీక్ష నివేదిక. సైకిళ్ల భద్రతకు సంబంధించిన ఈ ప్రమాణంలో ఆరో భాగం ఫ్రేమ్, ఫోర్కుల పరీక్షలను చెబుతుంది; రేసింగ్ సైకిల్ ఫ్రేమునైతే పెడల్ మీద 1,100 న్యూటన్ల బలంతో లక్ష సార్లు తొక్కించి చూస్తారు. ఇద్దరు అమ్మకందారులు మాట మార్చారు. మూడో అతను నివేదిక పంపాడు, అందులో మోడల్ సంఖ్య నేను కొంటున్న ఫ్రేముదే. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ స్టిక్కర్ ఉంటే చాలనుకునేవాళ్లున్నారు. ఆ ఆమోదం ఫ్రేమ్ ఆకారం, కొలతలు పోటీ నిబంధనలకు లోబడి ఉన్నాయని చెప్పేదే గానీ బలానికి హామీ కాదు.

ఫ్రేమ్ వచ్చిన రోజు తూకం వేస్తే, 980 గ్రాములని చెప్పినది 1,064 వచ్చింది. అది నన్ను పెద్దగా బాధించలేదు. నేను భయపడింది లోపలి పనితనానికి. ఫోనుకు తగిలించుకునే సన్నటి ఎండోస్కోప్ కెమెరాను సీటు గొట్టంలోంచి దించి చూశాను. ప్రధాన త్రికోణం లోపల గోడలు చాలావరకు నునుపుగా ఉన్నాయి. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ దగ్గర మాత్రం గాలితిత్తి ముక్క ఒకటి అంటుకుని, పక్కనే రెసిన్ బొట్టుగా గట్టిపడి ఉంది. ఇది ప్రమాదం కాదు, ఒత్తిడి సమంగా పడలేదనడానికి గుర్తు. ఫోర్కు లోపల చూసినప్పుడు మాత్రం నా మనసు చెడింది. హ్యాండిల్‌ను పట్టే స్టీరర్ గొట్టం కిందికి వచ్చి రెండు కాళ్లుగా చీలే చోట, పొరలు తడిగుడ్డ ముడతల్లా మడతపడి ఉన్నాయి. ఫోర్కులో అత్యధిక బలం పడేది అక్కడే, అది విరిగితే మనిషి ముఖం నేల మీద పడుతుంది. ఆ ఫోర్కును నేను ఒక్కరోజు కూడా వాడలేదు. స్టీరర్ కింది బేరింగ్ ఎక్కువగా వాడే ఒకటిన్నర అంగుళాల కొలతది కావడంతో పేరున్న కంపెనీ ఫోర్కు సులువుగానే సరిపోయింది. దానికి మరో 21,000 అయింది. ఇంత పొదుపు చేసి ఇక్కడ ఎందుకు ఖర్చు పెట్టావని మా ఇంట్లో అడిగారు. అనంతగిరి నుంచి దిగేటప్పుడు ఆ ప్రశ్న మళ్లీ నాకు గుర్తురాలేదు.

మొదటి ఏడాది బాటమ్ బ్రాకెట్ ఒకటే కిర్రుమనేది. బేరింగులు మార్చాను, గ్రీజు మార్చాను, పెడళ్లు కూడా మార్చాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ శబ్దం మళ్లీ మొదలయ్యేది. చివరికి గాజువాక ఆటోనగర్‌లోని ఒక లేత్ దుకాణానికి తీసుకెళ్లాను. ఆ పెద్దాయన బోర్ గేజ్‌ను రంధ్రంలో పెట్టి నెమ్మదిగా తిప్పి, “చూడు బాబూ, ఇది గుండ్రం కాదు, కోలగా ఉంది” అన్నారు. 41 మిల్లీమీటర్లు ఉండవలసిన రంధ్రం ఒక దిక్కున 41.02, దానికి అడ్డంగా 41.14 ఉంది. బేరింగును పట్టి ఉంచే కప్పు ఎంత బిగువుగా కొట్టినా ఆ సందులో కదులుతూనే ఉంటుంది. రెండు కప్పులూ లోపల మర సాయంతో ఒకదానితో ఒకటి బిగుసుకునే రకం వేయించాక మూడేళ్లుగా ఆ శబ్దం లేదు. నిజానికి ఇలాంటి ఫ్రేమ్ కొనేవారు కప్పులను ఒత్తి దిగ్గొట్టే ప్రెస్ ఫిట్ రకం వదిలి, మర ఉన్న బాటమ్ బ్రాకెట్ దొరికే మోడలే ఎంచుకోవాలి.

మన ఊరి ఉప్పుగాలి గురించి విడిగా చెప్పాలి. కార్బన్ తుప్పు పట్టదు, కానీ అది విద్యుత్తును పంపుతుంది. దానికి అల్యూమినియం తగిలి ఉండి, మధ్యలో చెమటో సముద్రపు తేమో చేరితే చిన్న బ్యాటరీ తయారై, అల్యూమినియం కరిగిపోతూ తెల్లని పొడి అవుతుంది. జాగ్రత్త తెలిసిన తయారీదారులు రెండింటి మధ్య గాజుపోగు పొర వేస్తారు. నా ఫ్రేములో వేసినట్టు లేదు. రెండో వర్షాకాలం తర్వాత నీళ్ల సీసా స్టాండు మరను విప్పబోతే, మరతోపాటు లోపలి రివెట్ కూడా గిర్రున తిరిగింది. దాని చుట్టూ సున్నం రాసినట్టు తెలుపు. డ్రిల్లుతో తీసి, చుట్టూ ఎపాక్సీ రాసి కొత్తది కూర్చోబెట్టవలసి వచ్చింది. ఇప్పుడు సముద్రం వైపు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ల తడిగుడ్డతో తుడుస్తాను, ఆరు నెలలకోసారి మరలన్నీ విప్పి గ్రీజు రాస్తాను.

తొక్కడంలో నాకు ఫిర్యాదు లేదు. అంతకుముందు వాడిన అల్యూమినియం సైకిల్ మీద భీమిలి దారి గతుకులకు చేతులు తిమ్మిరెక్కేవి. ఇందులో 28 మిల్లీమీటర్ల టైర్లతో ఆ బాధ పోయింది. మితిమీరిన తేలికా, మితిమీరిన వేగమూ నాకు కనిపించలేదు.

పేరున్నవాటిని పోలిన ఇలాంటి ఫ్రేములతో అసలు చిక్కు విడిభాగాలు. నా సీట్ పోస్టు గుండ్రనిది కాదు, దాని బిగింపు ముక్క ఈ ఫ్రేముకే సరిపోతుంది, గేర్లు మార్చే డెరైల్యూర్‌ను ఫ్రేముకు తగిలించే హ్యాంగర్ కూడా అంతే. రుషికొండ మలుపులో రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుకలో జారి పడినప్పుడు హ్యాంగర్ వంగింది. ఫ్రేముతో పాటే మూడు తెప్పించుకున్నందుకు ఆ వారం సైకిల్ ఆగలేదు. ఆ తర్వాత వెతికితే ఆ అచ్చు ఆపేశామని అమ్మకందారు జవాబిచ్చాడు. నా దగ్గర ఇంకొకటే మిగిలింది.

ఫోర్కు, బాటమ్ బ్రాకెట్, చిన్న మరమ్మతులు కలిపితే మొత్తం 86,000 దాటింది. పనిముట్లు చేతపట్టి తానే విప్పి చూసుకునే ఓపిక ఉన్నవారికి ఈ ధరకు ఇది మంచి ఫ్రేమే అంటాను. దుకాణంలో అప్పగించి నిశ్చింతగా ఉండాలనుకునేవారు అదే సొమ్ముకు, వారంటీ ఉన్న అల్యూమినియం సైకిల్ తీసుకోవడం మేలు.

గత మార్చిలో సీటు బిగింపు దగ్గర రంగు మీద గోరంత చీలిక కనిపించింది. రూపాయి బిళ్లతో చుట్టూ తట్టి చూస్తే శబ్దం అంతటా ఒకేలా గట్టిగా ఉంది, ఎక్కడా బోలుగా మొద్దుబారలేదు. కాబట్టి అది పూతలోనే ఉందని అనుకుంటున్నాను. అయినా చీలిక రెండు కొసల దగ్గరా తెల్ల పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేశాను. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో అక్కడ ఐదు న్యూటన్ మీటర్లు మించకుండా బిగిస్తూ, ప్రతి ఆదివారం ఆ గీతలు చూస్తున్నాను. చీలిక వాటిని ఇంకా దాటలేదు.