జర్మన్‌ని పెళ్లి చేసుకుని వెళ్తున్నారా? ‘స్పౌస్ సెటిల్‌మెంట్ ప్యాకేజీ’ కొనే ముందు ఇది చదవండి

మా ఆయన జర్మన్. హైదరాబాద్‌లో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేసుకున్నాం. ఇప్పుడు లైప్‌జిగ్ దగ్గర ఆయన ఊళ్లోనే కాపురం. వీసా దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్స్ దాకా అన్నీ మేమే చూసుకుంటాం అని ఒక కన్సల్టెన్సీ మా నాన్నగారి దగ్గర 1,40,000 రూపాయలు తీసుకుంది. అందులో నాకు పనికొచ్చింది ఫారాలు నింపిపెట్టడం ఒక్కటే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అయినా ఇదే ప్యాకేజీ అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, కనుక ఆ బిల్లులో ఏమేం ఉంటాయో తెలిస్తే చాలు.

ముందుగా ‘ఎంబసీ ఫీజు’. జర్మనీకి దీర్ఘకాలిక వీసా అంటే మామూలుగా 75 యూరోలు. కానీ జర్మన్ పౌరుల భార్యకి, భర్తకి, మైనర్ పిల్లలకి ఆ ఫీజు అసలు లేదు, పూర్తిగా మాఫీ. లేని ఫీజుకి మా దగ్గర డబ్బు వసూలు చేశారు. రసీదు అడిగితే ‘అది కాన్సులేట్ ఇవ్వదు మేడమ్’ అన్నారు. కట్టని ఫీజుకి ఎవరు మాత్రం రసీదు ఇస్తారు! ఒక్క మాట, ఈ మాఫీ జర్మన్ పౌరుల కుటుంబాలకే. అక్కడ ఉద్యోగం చేస్తున్న మన తెలుగబ్బాయిని చేసుకుని వెళ్తుంటే ఫీజు కట్టాల్సిందే. అప్లికేషన్ సెంటర్ వాళ్ల సర్వీస్ ఛార్జి వేరే, దానికి రసీదు వస్తుంది.

రెండోది అపోస్టిల్, అంటే మన కాగితం అసలైనదేనని విదేశాల్లో చూపించడానికి వేసే ప్రభుత్వ ముద్ర. మ్యారేజ్ సర్టిఫికెట్‌కి, బర్త్ సర్టిఫికెట్‌కి, డిగ్రీకి అన్నిటికీ విదేశాంగ శాఖ స్టిక్కర్ వేయించారు. ప్రభుత్వ రుసుము ఒక్కో కాగితానికి 50 రూపాయలు, మా బిల్లులో ఒక్కోదానికి 6,500. అది కూడా సరే అనుకోవచ్చు, పనికొస్తే. మన దేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నా, మన చేరికకి జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకని ఈ రెండు దేశాల మధ్య ఆ స్టిక్కర్ చెల్లదు. మన కాగితాలు అసలైనవో కావో తేల్చుకోవాలంటే అక్కడి ఆఫీసు కాన్సులేట్ ద్వారా విచారణ చేయిస్తుంది. దానికి నెలలు పడుతుంది, ఖర్చు మనమే పెట్టుకోవాలి. వేరే దేశాలకి వెళ్లేవాళ్లకి అపోస్టిల్ తప్పనిసరి కావచ్చు, ఏజెంట్లు ఆ అలవాటుతోనే అందరికీ అదే అంటగడతారు.

అసలు నాకు ఒళ్లు మండింది ఇన్సూరెన్స్ విషయంలో. ‘ఇది లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ రాదు’ అని భయపెట్టి రెండేళ్ల పాలసీ ఒకటి అమ్మారు. ప్రీమియం మొత్తం ముందే కట్టించుకున్నారు. ఇక్కడికొచ్చాక మా ఆయన క్రాంకెన్‌కాస్సె, అంటే ఆయన జీతంలోంచి కోత పడే ఆరోగ్య బీమా సంస్థ, వాళ్ల ఆఫీసుకి వెళ్లాం. మా అత్తగారు కూడా వచ్చారు. (ఆవిడని పేరు పెట్టి పిలవమంటారు, నాకింకా నోరు తిరగడం లేదు.) కౌంటర్‌లో ఉన్నావిడ నా పాలసీ పేజీలు ఒక్కొక్కటే తిప్పి, ఒకచోట పెన్సిల్‌తో గీత గీసి మా వైపు తిప్పింది. మొదటి 8 నెలల్లో ప్రసవం ఖర్చులు ఇవ్వం, పాత జబ్బులకి ఇవ్వం, పళ్లకి నొప్పి తగ్గించడం వరకే అని ఉంది. తర్వాత ఇంకో ఫారం తీసి ఇచ్చింది. మ్యారేజ్ సర్టిఫికెట్, మా ఆయన సభ్యత్వ నంబరు, నాకు ఆదాయం లేదని ఒక సంతకం. అంతే, నేను ఆయన బీమాలో చేరిపోయాను. అదనంగా ఒక్క యూరో కూడా లేదు.

ఇలా క్రాంకెన్‌కాస్సెలో, అంటే ప్రభుత్వ పద్ధతి బీమాలో ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి, సొంత ఆదాయం ఒక చిన్న పరిమితి దాటనంత వరకు, ఇది చట్టం ఇచ్చిన హక్కు. మీ ఆయనో, మీ ఆవిడో ప్రైవేట్ బీమాలో ఉంటే మాత్రం ఇది వర్తించదు, టికెట్ కొనక ముందే అడిగి తెలుసుకోండి. ప్రయాణానికి, చేరిన మొదటి కొన్ని వారాలకి ఒక ట్రావెల్ పాలసీ చాలు. ఆల్రెడీ పెద్ద పాలసీ కొనేసి ఉంటే ఆ కాగితంలో ఏ దేశపు చట్టం రాసుందో చూడండి. జర్మన్ చట్టం కిందిదైతే సాధారణంగా 14 రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు ఉంటుంది.

‘లైఫ్‌టైమ్ ఇంటర్నేషనల్ లైసెన్స్’ అని ఒక ప్లాస్టిక్ కార్డు కూడా ఇచ్చారు. హోలోగ్రామ్ తళతళ, విలువ సున్నా. అసలు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇచ్చేది మన ఆర్టీఏ ఆఫీసే. ఫీజు 1,000 రూపాయలు, గడువు ఒక ఏడాది. జర్మనీలో నివాసం పెట్టుకున్నాక మన లైసెన్స్ 6 నెలలే నడుస్తుంది. ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ రాయాలి. మన లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే డ్రైవింగ్ స్కూల్‌లో ఇన్ని క్లాసులు తప్పనిసరి అనే నిబంధన మాత్రం వర్తించదు. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. తెలుగు, హిందీ లేవు. పరీక్ష లేకుండా జర్మన్ లైసెన్స్ ఇప్పిస్తాం అనేవాళ్లు కూడా తగులుతారు. అది నేరుగా కేసు అయ్యే వ్యవహారం.

వీసాకి అడిగే ఏ1 జర్మన్ సర్టిఫికెట్, అంటే భాషలో మొదటి మెట్టు పరీక్ష, అది కూడా ‘చూసుకుంటాం’ అన్నారు, అదృష్టం కొద్దీ అది నేను అప్పటికే హైదరాబాద్ గోథె సెంట్రుమ్‌లో రాసేశాను. అది కొనుక్కునే వస్తువు కాదు. వీసా ఇంటర్వ్యూలో మీ పేరు, ఊరు, ఎప్పుడు పెళ్లయింది అని జర్మన్‌లో అడిగితే సర్టిఫికెట్ జవాబు చెప్పదు కదా. వచ్చాక కూడా భాష నేర్చుకోవడానికి మళ్లీ ఏ ప్యాకేజీ కొనక్కర్లేదు. కుటుంబ వీసాతో కొత్తగా వచ్చినవాళ్లకి ఇంటిగ్రేషన్ కోర్సులో, అంటే కొత్తవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన తరగతుల్లో, చేరే హక్కు ఉంది. సాధారణ కోర్సులో 600 గంటలు భాష, 100 గంటలు ఈ దేశం గురించి. గంటకి కట్టేది మనం ప్రైవేటు ట్యూషన్‌కి కట్టేదానికంటే చాలా తక్కువ.

ఊళ్లో అడ్రస్ రిజిస్ట్రేషన్, రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్, వీటికి ‘పోస్ట్ ల్యాండింగ్ సపోర్ట్’ అని విడిగా ఒక 25,000. ఆ ఫోన్ నంబరు ఎప్పుడూ ఎత్తరు. ఇల్లు మారిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవడం మీ ఆయన పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పనే, ఆయన్నే తీసుకెళ్లండి. టెన్షన్‌గా ఉంటే కారితాస్, డియాకోనీ లాంటి చర్చి సేవా సంస్థలు కొత్తగా వచ్చినవాళ్లకి ఉచితంగా సలహా ఇస్తాయి. మా ఊళ్లో అయితే అపాయింట్‌మెంట్ కోసం ఉత్తరం కూడా వాళ్లే రాసిపెట్టారు.

డబ్బు వెనక్కి అడిగితే మొదట ‘ప్రాసెస్‌లో ఉంది మేడమ్’, తర్వాత ‘వీసా వచ్చింది కదా మేడమ్’, ఇప్పుడు వాట్సాప్‌లో బ్లాక్. నాన్నగారు 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టారు. మా దగ్గర బలంగా ఉన్నది ఒక్కటే, ‘ఎంబసీ ఫీజు’ అని వాళ్ల లెటర్‌హెడ్ మీద వచ్చిన బిల్లు. మీరు ఇప్పటికే ఇలాంటి చోట కట్టి ఉంటే, ఒక్కో పనికి ఎంత అని విడివిడిగా రాసిన బిల్లు ఈరోజే తీసుకోండి. వీసా వచ్చాక అడిగితే ఇవ్వరు.