రోజిన్ సంచీ, చాక్ పొడి, గ్రిప్ గుడ్డ: చిన్న పిచ్చర్ చేతిలో ఏది నిలబడింది

మా అమ్మాయి సాఫ్ట్‌బాల్‌లో (బేస్‌బాల్ లాంటి ఆట) పిచింగ్, అంటే చెయ్యి కింద నుంచి ఊపి బ్యాటర్‌కి బంతి విసరడం, మొదలుపెట్టినప్పటి నుంచి బంతి పట్టు కోసం అమ్మే సరుకు ఒక్కొక్కటే మా కిట్ బ్యాగులోకి చేరింది. ఎండలో, ఉక్కలో, చలిలో కొన్ని సీజన్లు వాడాక ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, పదేళ్ల పిల్లకి వీటన్నిటికన్నా ఎక్కువ పట్టునిచ్చేది సరైన సైజు బంతి.

పెద్దవాళ్లు ఆడే బంతిని 12 అంగుళాల బంతి అంటారు, అది చుట్టుకొలత. అడ్డంగా కొలిస్తే సుమారు 9.7 సెంటీమీటర్లు వస్తుంది, చిన్నపిల్లల 11 అంగుళాల బంతి అయితే 8.9. తేడా ఎంతని అనిపిస్తుంది గానీ చిన్న చేతికి అది చాలా ఎక్కువ. వేళ్లు చాలకపోతే పిల్ల బంతిని అరచేతిలోకి అదుముకుంటుంది. అలా అదుముకున్న బంతి వేళ్ల మీదుగా దొర్లదు, తోసేసినట్టు పోతుంది, స్పిన్ రాదు. అప్పుడు రోజిన్ (పట్టు కోసం వేళ్లకి రాసే జిగట పొడి) ఎంత రాసినా దండగే. పెద్ద బంతితో ముందే అలవాటు చేయించమనే సలహా చాలామంది ఇస్తారు, నేను మాత్రం ఇవ్వను.

సైజు కుదిరాక వేళ్ల సంగతి. రెండు వేళ్లు చాలకపోతే మూడు వేళ్లతో పట్టుకోనివ్వండి. వేలికొసలు కుట్టు మీద ఉండాలి, బంతికీ అరచేతికీ మధ్య కాస్త సందు కనబడాలి. మేము బంతి చుట్టూ నల్ల మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకున్నాం. వేళ్లన్నీ సమంగా వదిలితే గీత కదలకుండా నిటారుగా వస్తుంది, ఏ వేలు ముందు జారినా ఊగులాడుతుంది. కొన్న ప్రతి సరుకునీ ఈ గీతతోనే పరీక్షించాను.

ఉక్కలో రోజిన్ సంచీకి సాటి లేదు. ఇది పైన్ చెట్టు బంక నుంచి తీసిన పొడి, కాస్త తడీ వెచ్చదనమూ తగిలితేనే జిగట వస్తుంది. సంచీని వేలికొసలతో ఒకటి రెండుసార్లు నొక్కి, ఎక్కువైన పొడిని ఊదేస్తే చాలు. సరిపోయిందో లేదో చూడాలంటే బొటనవేలినీ నడిమి వేలినీ కలిపి విడదీయమనండి. చర్మం పట్టీ పట్టనట్టు అంటుకుని వదలాలి. పిల్లలకి సంచీ ఆటవస్తువు అయిపోతుంది, చేయంతా తెల్లగా చేసుకుంటారు. ఆ పొడి చెమటతో ఉండకట్టి గోళ్ల పక్కన పేరుకుంటుంది. ఇక బంతి వేళ్లని ఆలస్యంగా వదులుతుంది, బ్యాటర్ తల ఎత్తున పోతుంది. ఆ సమయంలో భంగిమ సరిదిద్దబోకుండా ముందు చెయ్యి తుడిపించండి.

చలిలో మాత్రం రోజిన్ మమ్మల్ని నిరాశపరిచింది. పొడిబారిన వేళ్ల మీద అది ఉత్త దుమ్ము. పిడికిట్లోకి వేడి శ్వాస ఊదుకున్నాక రాస్తే కొంత నయం. చలికి మాకు బాగా నచ్చింది గ్రిప్ గుడ్డ, అంటే వేళ్లు తుడిస్తే జిగట అంటించే గుడ్డ. దాని జిగట పల్చగా, వేళ్లంతా ఒకేలా అంటుతుంది. మూత బిగించే సంచిలో పెట్టకపోతే మట్టి పట్టి పాడైపోతుంది.

జిమ్నాస్టులు వాడే చాక్, అంటే మెగ్నీషియం కార్బొనేట్, మాకు పనికిరాలేదు. అది చెమట పీలుస్తుందే గానీ అంటుకోదు. ద్రవరూపంలో దొరికేదైతే అందులోని ఆల్కహాల్‌కి మా అమ్మాయి నడిమి వేలి అంచున చర్మం చిట్లింది.

ఇంకొకటి. ఉన్నట్టుండి బంతి జారుతోందంటే సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులేమో చూడండి. ఆ జిడ్డు మీద రోజిన్ నిలవదు. సబ్బుతో కడిగించాలి, లేదా క్రీము మీరే రాసి పిల్ల అరచేతులకి తగలనివ్వకండి.

మ్యాచ్‌లో వాడే ముందు అంపైర్‌ని అడగడం మంచిది. అంతర్జాతీయ నియమాలు అంపైర్ పర్యవేక్షణలో పొడి రోజిన్‌ని చేతికి వాడనిస్తాయి, బంతికి నేరుగా రాయనివ్వవు. వేలు నాలికకి తగిలిస్తే తుడుచుకున్నాకే బంతి ముట్టుకోవాలి. విసిరే చేతి వేళ్లకి టేప్ కుదరదు, కాబట్టి చిట్లిన వేలికి చుట్టిన టేప్ ప్రాక్టీసు వరకే. గ్రిప్ గుడ్డ విషయంలో ఒక్కో లీగ్‌ది ఒక్కో తీరు.

ఇంత శ్రద్ధ దేనికంటే, బంతి జారుతుందని భయపడ్డ పిల్ల దాన్ని గట్టిగా పిసుకుతుంది. ముంజేయి బిగుసుకుంటుంది, మణికట్టు విదిలింపు పోతుంది, వేగమూ తగ్గుతుంది. మంచి రోజిన్ వల్ల మాకు కనబడిన మేలు అదే, మా అమ్మాయి చెయ్యి వదులైంది. ఛేంజప్ (బ్యాటర్‌ని మోసగించే నెమ్మది బంతి) వేసేటప్పుడు ఇది మరీ బాగా తెలిసింది, ఎందుకంటే అక్కడ పట్టు బిగిస్తే బంతి అదుపు తప్పుతుంది.

ఇప్పుడు బ్యాగులో ఒక రోజిన్ సంచీ, ఒక గ్రిప్ గుడ్డ, చేతులు తుడుచుకునే పొడి తువ్వాలు ఉన్నాయి. అరిగిన బంతులతో పాటు నునుపు పోని కొత్త బంతి కూడా ఒకటి పెడుతున్నాం, మ్యాచ్‌లో చేతికొచ్చేది అదే కదా.