స్టిక్కర్ల పట్టిక వద్దు, ఆ చిన్న పుస్తకం చాలు

స్కౌట్ దళాల్లో పిల్లల ప్రగతిని నమోదు చేయడానికని అమ్మే సెట్టు ఇది. గోడకు తగిలించే పెద్ద పట్టిక, రంగు స్టిక్కర్లు, పిల్లలకు తలా ఒక జేబు పుస్తకం ఉంటాయి. మా కబ్ దళానికి, అంటే స్కౌట్లలో చిన్న వయసు పిల్లల దళానికి, తెప్పించాం.

పుస్తకం తయారు చేసినవారికి స్కౌటింగ్ బాగా తెలుసు. ప్రతి అంశానికీ రెండు తేదీల గడులు ఉన్నాయి: మొదటిసారి చేసి చూపిన రోజు, కొన్నాళ్లు ఆగి మళ్లీ చేసి చూపిన రోజు. రెండో గడి నిండితేనే బ్యాడ్జి. ముడులు నేర్పినవారికి దీని విలువ ఇట్టే తెలుస్తుంది. తాళ్ల మందం ఒకటే అయితే రీఫ్ నాట్, వేరైతే షీట్ బెండ్ అని గడగడా అప్పజెప్పిన పిల్లలే, శిబిరంలో టార్పాలిన్ కట్టమంటే ముఖముఖాలు చూసుకుంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రతి పేజీ అడుగున నాయకులు రాయడానికి వదిలిన నాలుగు గీతలు. మా దళంలో ఒక పాప అగ్గిపుల్ల గీయడానికే వణికేది. చివరికి పొయ్యి వెలిగించింది. పక్కనున్న అబ్బాయికి అదే పని ఆటలా వచ్చేసింది. ఇద్దరికీ ఒకే స్టిక్కరు అంటించి ఊరుకుంటే ఆ పాప పడిన శ్రమ ఎవరికి తెలుస్తుంది? బ్యాడ్జి ఇచ్చేటప్పుడు నైపుణ్యం కంటే పిల్లలు చేసిన ప్రయత్నాన్నే చూడాలన్నది స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ పట్టుదల. ఆ గీతల్లో రాసిన రెండు మాటలను ఆ పాప ఎన్నిసార్లు చదువుకుందో!

పట్టిక సంగతి వేరు. అందరి పేర్లూ ఒకే వరుసలో, పై నుంచి కిందికి. గుమ్మంలోకి రాగానే ఎవరి స్టిక్కర్లు ఎక్కువో కనబడిపోతుంది. పిల్లల కంటే ముందు తల్లిదండ్రులే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో జరిగిన మొట్టమొదటి స్కౌట్ శిబిరంలోనే పిల్లలను తోడేళ్లు, ఎద్దులు, కాకులు, కర్లూ పక్షులు అని నాలుగు చిన్న జట్లుగా విడదీశారు. ఈ పట్టికలో అసలు జట్ల ఊసే లేదు. జట్టుకొక గడి పెట్టి ఉంటే ఒకరికొకరు నేర్పుకునేవారేమో. స్టిక్కర్లు కూడా నాసిరకం, అంచులు లేచిపోతున్నాయి.

సెట్టుతో వచ్చిన సూచనల కాగితం బ్యాడ్జిలన్నీ దాచి ఏడాది చివర వేడుకలో ఒకేసారి ఇవ్వమంటుంది. నేను ఒప్పుకోను. అన్ని నెలలు గడిచాక చేతిలో పెడితే అది దేనికి వచ్చిందో పిల్లలకే గుర్తుండదు. అర్హత సాధించిన తర్వాతి సమావేశంలోనే, దళమంతా నిలబడి ఉండగా, ఏం చేసినందుకో చెప్పి ఇవ్వాలి. పెద్ద వేడుక కావాలంటే తర్వాత వేరుగా చేసుకోవచ్చు.

పుస్తకాలకు ఐదుకు నాలుగున్నర, పట్టికకు ఒకటి ఇస్తాను. చిక్కేమిటంటే పుస్తకాలు విడిగా అమ్మరు. కొత్త పిల్లలు చేరినప్పుడల్లా సెట్టంతా కొనాల్సిందే. మేము పట్టికను తిరగేసి, శిబిరంలో వంట వంతులు రాసుకోవడానికి వాడుతున్నాం.