తమిళనాడు గుళ్ల టూరు: డ్రైవర్లు బంగారం, రసీదు వెనకాల రూల్సే తలనొప్పి

ముందే చెప్పేస్తున్నా. డ్రైవర్లకి ఐదు స్టార్లు, వంటకి ఐదు, బస్సుకి మూడు, ఆఫీసు రూల్స్‌కి రెండే. తిరుపతిలోని ఒక ట్రావెల్స్ వాళ్ళ బస్సులో మా కోలాటం బృందం, వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు, కొంతమంది పిల్లలు, అందరం కలిసి కంచి, అరుణాచలం, శ్రీరంగం, మదురై, రామేశ్వరం చూసుకుని వచ్చాం. ట్రావెల్స్ పేరు రాయడం లేదు. వీళ్ళనొక్కళ్ళనే అనడం న్యాయం కాదు, ఎందుకంటే బుకింగ్‌కి ముందు నేను కనుక్కున్న ఆఫీసులన్నిటిలోనూ రసీదు వెనకాల మాటలు ఇంచుమించు ఒకటే, ఒకరిది చూసి ఇంకొకరు అక్షరదోషాలతో సహా అచ్చేయించుకున్నట్టు. కార్తీక మాసానికో సంక్రాంతి సెలవులకో బస్సు మాట్లాడుకోవాలనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్ళు ఒకసారి చదవండి.

బుకింగ్ రెండు రకాలు. సీటు లెక్కన వెళ్ళొచ్చు, బస్సు మొత్తం మాట్లాడుకోవచ్చు. సీటు లెక్కన వెళ్తే బస్సు నిండకపోతే టూరు వాయిదా వేస్తారు, ఆ కొత్త తేదీ మనకి కుదరకపోయినా డబ్బు చేతికి రాదు, ఇంకో టూరులో సర్దుకోమంటారు. బస్సు మొత్తం మాట్లాడుకుంటే ఖాళీ సీట్ల బరువు మనది. మేం మాట్లాడుకున్నది మధ్యరకం, తలకింత అని, కానీ ముప్పై మందికి తగ్గకూడదని, తగ్గితే ఆ డబ్బు మిగతావాళ్ళు పంచుకోవాలని. జనాన్ని పోగేసినవాళ్ళకి ఒక సీటు ఫ్రీ అని కౌంటర్లో ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఇలాంటిది గుట్టుగా తీసుకుంటే ఆ తర్వాత ఏడాది పొడుగునా మాటలు పడాలి, అందుకని ఆ మొత్తాన్ని అందరి లెక్కలో తగ్గించమని నాతో వచ్చినవాళ్ళ ముందరే అడిగాను, తగ్గించాడు. ఇక బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే ఇంకో ఐదు పర్సెంటు పడుతుంది అక్కా" అన్నాడు. టూరు ప్యాకేజీల మీద జీఎస్టీ ఐదు శాతమే, అది చెప్పిన రేటులో ఉందా లేదా అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి. బిల్లు లేకుండా మిగిలేది ఒక పచ్చ రసీదు, దాని మీద బండి నంబరు కూడా ఉండదు. మేం ఆ ఐదు పర్సెంటూ కట్టి బిల్లు తీసుకున్నాం, అది తర్వాత పనికొచ్చింది.

అసలు గొడవ క్యాన్సిలేషన్ దగ్గర. పదిహేను రోజుల ముందు మానుకుంటే అడ్వాన్సులో పావు వంతు కోత, వారం ముందైతే సగం, ఆ తర్వాత పైసా రాదు. దీన్ని నేను తప్పు పట్టను, సత్రాలకీ లాడ్జీలకీ వాళ్ళూ ముందే కట్టేసి ఉంటారు. కానీ ఇది ఊటీ టూరు కాదు కదా, గుళ్ల యాత్ర. మైల వస్తే మనవాళ్ళు గుడి గడప తొక్కరు. సరిగ్గా బయలుదేరే వారంలో మా బృందంలో ఒకావిడ ఇంట్లో దాయాదుల్లో ఒకాయన పోయాడు. ఆవిడ, ఆవిడ భర్త, అత్తగారు, మూడు సీట్లూ పోయినట్టే. ఆఫీసుకి ఫోన్ చేస్తే రూలు చదివి వినిపించాడు: అనారోగ్యమైతే డాక్టర్ సర్టిఫికెట్ చూపితే పరిశీలిస్తారట. పక్కనే ఉన్న ఆ అత్తగారు ఫోన్ లాక్కుని, "ఇంట్లో సావు జరిగితే డాక్టరు చీటీ యాడ తెచ్చేది నాయినా?" అంది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. చివరికి ముగ్గురి బదులు వేరే ముగ్గురిని పంపుకోవచ్చని ఒప్పుకున్నాడు, మనిషికి రెండొందలు పేరు మార్పు ఫీజు కట్టించుకుని. పేర్లు మార్చాల్సిన అవసరం నిజమే, ఇలాంటి బళ్ళకి ఉండేది కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్, ఎక్కినవాళ్ళ జాబితా బండిలో ఉండాలి, దారిలో కొత్త మనుషుల్ని ఎక్కించుకోకూడదు. కానీ జాబితాలో మూడు పేర్లు కొట్టేసి మూడు రాయడానికి ఆరొందలా? గుళ్ల టూర్లు నడిపేవాళ్ళకి మైల సంగతి తెలియనిదేమీ కాదు, దాన్నొక రూలుగా రాసి పెట్టుకుంటే వాళ్ళకే మర్యాద. మీరు బుక్ చేసేటప్పుడు 'మనిషికి బదులు మనిషి, బయలుదేరే రోజు వరకు, ఫీజు లేకుండా' అని రసీదు మీద చేత్తో రాయించుకోండి. అడిగితే రాస్తారు. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే రాయరు.

సీట్ల సంగతి కొంచెం చెప్పాలి. వీళ్ళ దగ్గర కంప్యూటర్ చార్టు లేదు, అట్టముక్క మీద స్కేలు పెట్టి గీసిన గళ్ళు, అందులో బాల్‌పెన్ తో పేర్లు, కొట్టేసినచోట వైట్‌నర్. ముందు డబ్బు కట్టినవాళ్ళకి ముందు సీట్లు అన్నది పద్ధతి. దానివల్ల ఏమవుతుందంటే ఫోన్‌పేలో వెంటనే కట్టేసే కుర్రాళ్ళు ముందర, పింఛను పడేదాకా ఆగిన అవ్వలు వెనక చక్రం దాటి ఆఖరి వరసలో. ఆ ఆఖరి వరసలో కూర్చుంటే పుత్తూరు దాటకముందే నడుం తెలుస్తుంది. మేమే రోజుకో వరస మారేటట్టు చీటీ రాసుకున్నాం, దానికీ అలిగినవాళ్ళు అలిగారనుకోండి. ఐదేళ్ళు దాటిన పిల్లలకి ఫుల్ టికెట్టు, ఐదు లోపు ఒళ్ళోనే. ఇందులో వాదించడానికేమీ లేదు.

బస్సు దగ్గరికొద్దాం. ఆఫీసు ఫోన్లో చూపించింది కొత్త ఏసీ బస్సు. తెల్లవారుజామున వచ్చింది అదే కంపెనీ పాత బస్సు, ఏసీ ఉంది, పుష్‌బ్యాక్ ఉంది, మూడు సీట్లు వెనక్కి వాలితే మళ్ళీ లేవవు. 'అనివార్య కారణాల వల్ల బస్సు మార్చే హక్కు యాజమాన్యానికి కలదు' అని రసీదు వెనక ఉంది. మనం పావుగంట ఆలస్యమైతే బస్సు ఆగదు, వాళ్ళు బస్సే మార్చేస్తే అది అనివార్యం! మారిస్తే అదే తరగతి బస్సు ఇస్తామనో, లేదంటే ఇంత తగ్గిస్తామనో ఎక్కడా లేదు.

మా మరిది ఎక్కకముందే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పర్మిట్ గడువులు చూశాడు, అన్నీ ఉన్నాయి. "ఏం సార్, నమ్మకం లేదా?" అని క్లీనరు కాస్త నొచ్చుకున్నాడు. నమ్మకం సంగతి కాదు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న పెళ్ళివారి బస్సు లోయలో పడింది మన పక్కనే, 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సు తగలబడింది, ఇవి చూశాక కూడా అడక్కపోతే ఎట్లా? అత్యవసర ద్వారం దగ్గరికి వెళ్ళి చూస్తే వంట సామాను, చాపలు, బియ్యం మూట అడ్డంగా పేర్చి ఉన్నాయి, తీయించాం. అద్దం పగలగొట్టే సుత్తి ఉందా అంటే ఉంది, ఎవరూ ఎత్తుకుపోకుండా బైండింగ్ వైరుతో స్టాండుకి నాలుగు చుట్లు బిగించి కట్టారు. అది ఊడదీయాలంటే కటింగ్ ప్లేయరు కావాలి. నిప్పంటుకున్నప్పుడు ప్లేయరు ఎవరి సంచీలో ఉంటుంది? మరిది అక్కడే వైరు విప్పేశాడు. డిక్కీలో గ్యాస్ సిలిండరు మాత్రం తీయించలేకపోయాం, వంట దాని మీదే కాబట్టి. 2023 ఆగస్టులో మదురై స్టేషన్లో యాత్రికుల రైలు పెట్టెలో సిలిండరు వల్లే మంటలు లేచి మనుషులు పోయారని వంటాయనకి చెబితే, ప్రతిసారీ రెగ్యులేటరు విప్పి పక్కన పెట్టేవాడు. ఇలాంటి టూర్లలో సిలిండరు ఎక్కించకుండా సత్రంలోనే పొయ్యి ఏర్పాటు చేసే వాళ్ళు దొరికితే వాళ్ళకే ఇవ్వండి, వంద రూపాయలు ఎక్కువైనా సరే.

వంటకి మాత్రం వంక పెట్టలేం. పొద్దున్నే బస్సు పక్కన చిక్కటి ఫిల్టర్ కాఫీ, పొంగలి, ఒక రాత్రి రామేశ్వరం సత్రంలో రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి. సముద్రం పక్కన కూర్చుని సంగటి తింటామని ఎవరూ అనుకోలేదు, మా మామగారు రెండు ముద్దలు వేయించుకున్నారు.

ఇద్దరు డ్రైవర్లు ఉండాలని మేం మొదటే పట్టుబట్టాం, రసీదులో రాయించాం కూడా. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలో డ్రైవరుకి మామూలుగా రోజుకి ఎనిమిది గంటల పని, ఐదు గంటలు దాటకుండా మధ్యలో అరగంట విశ్రాంతి అని ఉండేది. ఒక్క డ్రైవరుతో మదురై, రామేశ్వరం తిప్పుతాం, రాత్రుళ్ళు కూడా తోలతాం అని తలకి మూడొందలు తక్కువ చెప్పే ఆఫీసు కనబడితే ఆ మూడొందలు ఎక్కడినుంచి మిగిలాయో ఆలోచించండి.

మదురైలో జరిగింది చెబితే రూల్స్‌కీ మనుషులకీ తేడా తెలుస్తుంది. శ్రీరంగంలో క్యూ పెద్దది, అక్కడినుంచి కదిలేసరికే ఆలస్యం. మీనాక్షి అమ్మవారి గుడి మధ్యాహ్నం పన్నెండున్నరకి మూస్తారు, మళ్ళీ నాలుగింటికే తెరిచేది. మేం వెళ్ళేసరికి మూసేశారు. టూరు షీటు ప్రకారం మూడింటికల్లా రామేశ్వరం బయలుదేరాలి. ఆఫీసుకి ఫోన్ చేస్తే, దర్శనం మా బాధ్యత కాదు, తేదీలు, సమయాలు మారవు, రసీదు వెనక తొమ్మిదో పాయింటు చూసుకోండి అన్నాడు. దక్షిణాదిలో పెద్ద గుళ్ళు మధ్యాహ్నం మూస్తారని ఏళ్ళ తరబడి టూర్లు నడిపేవాళ్ళకి తెలియదా? షీటులో మదురై సాయంత్రం పెట్టుకుంటే అసలు ఈ గొడవే లేదు. అప్పుడు పెద్ద డ్రైవరు వచ్చి, "అమ్మా, మీరు పోయి చల్లగా కూర్చోండి. సాయంత్రం దర్శనం చేసుకునే పోదాం. రెండో ఆయన బాగా నిద్రపోయి లేచినాడు, రాత్రికి మెల్లగా తోలుకుపోతాడు" అన్నాడు. ఆఫీసుతో ఆయనే మాట్లాడుకున్నాడు. మదురై నుంచి రామేశ్వరం దాదాపు 170 కిలోమీటర్లు, నడిరాత్రి దిగాం, అయినా తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా ఉండే స్ఫటిక లింగం దర్శనం తప్పిపోలేదు, 22 తీర్థాల స్నానమూ అయింది.

ఇంకొకటి. మదురై గుళ్ళోకి ఫోన్లు రానివ్వరు, అందరం బస్సులోనే పెట్టి వెళ్ళాం. టైముకి రాకపోతే బస్సు ఆగదు అన్న రూలుకీ, ఫోన్ లేని మనిషి తప్పిపోవడానికీ పొత్తు ఎట్లా కుదురుతుంది? ఒక అవ్వ తూర్పు గోపురం అనుకుని వేరే గోపురం దగ్గర బయటికొచ్చేసింది. బస్సు నంబరు, డ్రైవరు ఫోన్ నంబరు, పార్కింగ్ ఎక్కడో రాసిన చీటీ తలా ఒకటి ఇవ్వడం పది రూపాయల జిరాక్సు పని. మేమే ఇచ్చాం, అందుకే ఆవిడ గంటలోపే దొరికింది.

అరుణాచలం పౌర్ణమికి పెట్టించుకునేవాళ్ళకి ఒక మాట. ఆ రోజు బస్సుల్ని తిరువణ్ణామలై ఊరి బయట తాత్కాలిక బస్టాండ్ల దగ్గరే ఆపేస్తారు. 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకి ముందూ వెనకా ఇంకా నడవాలి, లేదంటే ఆటో. 'లోకల్ ఆటో ఖర్చులు ప్రయాణికులవే' అన్న రూలు అక్కడ నిజంగా బరువెక్కుతుంది. పార్కింగ్, టోలు, బోర్డర్ ట్యాక్సు, డ్రైవర్ బత్తా, ఈ నాలుగూ రేటులో ఉన్నాయా లేవా అని విడివిడిగా అడగండి. 'అన్నీ ఉన్నాయి' అంటే చాలదు. మాకు అన్నీ ఉన్నాయన్నారు, తీరా తిరుపతి వస్తుంటే క్లీనరు పళ్ళెం పట్టుకుని సీటు సీటుకీ తిరిగాడు. ఆ డ్రైవర్లకి సంతోషంగానే ఇచ్చాం, అది వేరే.

తిరిగొచ్చాక బస్సు మార్చినందుకు తేడా ఇవ్వమని అందరి సంతకాలతో ఒక కాగితం, బిల్లు జిరాక్సు, మొదట చూపించిన బస్సు ఫోటో, వచ్చిన బస్సు ఫోటో పట్టుకెళ్ళాం. మొదట రూలు చూపించారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేస్తాం, ఐదు లక్షల లోపు విషయమైతే జిల్లా కన్స్యూమర్ కమిషన్లో ఫీజు కూడా లేదు అని మరిది నెమ్మదిగానే చెప్పాడు. రెండు మూడు సార్లు తిరిగాక తలకి రెండొందల యాభై లెక్కన కవర్లో పెట్టి ఇచ్చారు. పేరు మార్పుకి కట్టించుకున్న ఆరొందలు మాత్రం ఇవ్వలేదు. ఆ పెద్ద డ్రైవరు నంబరు నా దగ్గర ఉంది, ఆయన ఇప్పుడు ఏ ట్రావెల్స్‌లో తోలుతున్నాడో కనుక్కుని ఈసారి అక్కడికే అడ్వాన్సు కడతాం.