డేటాబేస్‌ల నుంచి జొటెరోలోకి రికార్డులు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

నల్లగొండ ప్రాంతపు తాగునీటిలోని ఫ్లోరైడ్ గురించి, ఆ నీరు తాగినవారి పళ్లకూ ఎముకలకూ పట్టుకున్న జబ్బు గురించి వచ్చిన పరిశోధన వ్యాసాలన్నిటినీ ఒకచోట చేర్చుకోవడం కోసం నేను 2017లో, వ్యాసాల వివరాలను దాచుకుని రిఫరెన్సుల పట్టికను తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ జొటెరోను వాడటం మొదలుపెట్టాను. అప్పటికి దాని అయిదో వెర్షన్ కొత్తగా వచ్చింది. 2024 ఆగస్టులో విడుదలైన ఏడో వెర్షన్‌కు ఆ తర్వాత మారాను. నా విషయం ఒక శాస్త్రానికి పరిమితమైనది కాదు. వైద్యులు రాసినవి పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల డేటాబేస్‌లో దొరుకుతాయి, భూగర్భజలాల మీద రాసినవి స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి డేటాబేస్‌లలో ఎక్కువగా కనిపిస్తాయి, నీటిని శుద్ధి చేసే ఇంజినీర్లు రాసినవి సదస్సుల సంపుటాల్లో చెదిరి ఉంటాయి. ఒకే వ్యాసం మూడు చోట్ల నుంచి మూడు రూపాల్లో నా దగ్గరికి వస్తుంది. అందుకే పీడీఎఫ్ చదవడం, నోట్స్ రాసుకోవడం వంటి సదుపాయాల జోలికి పోకుండా, రికార్డులను, అంటే ఒక్కో వ్యాసం రచయిత, శీర్షిక, సంవత్సరం వంటి వివరాలను, లోపలికి తెచ్చుకునే పని ఒక్కదాని గురించే ఇక్కడ రాస్తున్నాను. రిఫరెన్సుల పట్టికలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఆ గడప దగ్గర పుట్టినవే.

జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు అనుబంధంగా వచ్చింది. అప్పుడూ ఇప్పుడూ ఉచితమే. ఇందులోకి రికార్డు మూడు దారుల్లో వస్తుంది. బ్రౌజర్‌లో పెట్టుకున్న జొటెరో కనెక్టర్ బొత్తాం నొక్కి తెరిచి ఉన్న పేజీ నుంచి తీసుకోవడం ఒకటి. డీఓఐ (వ్యాసానిది), ఐఎస్‌బీఎన్ (పుస్తకానిది), పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చేది) వంటి గుర్తింపు సంఖ్యను ఇచ్చి మిగతా వివరాలను దానినే తెచ్చుకోమనడం రెండవది. డేటాబేస్ నుంచి ఫైలు దించుకుని దిగుమతి చేయడం మూడవది. ఒకటో రెండో వ్యాసాలు కావలసినప్పుడు మొదటి రెండు దారులకు మించినవి లేవు. ముఖ్యంగా డీఓఐ ఉంటే రెండవ దారిలో వచ్చే రికార్డు చాలావరకు శుభ్రంగా ఉంటుంది. వందల రికార్డులు కావలసిన రోజున మాత్రం ఫైలు దారి ఒక్కటే నిలబడుతుంది. శోధన ఫలితాల జాబితా మీద కనెక్టర్ నొక్కితే అది ఒక్కొక్క రికార్డునూ విడివిడిగా అడిగి తెచ్చుకోవలసి వస్తుంది, అలా వరుసగా అడుగుతూ పోతే కొన్ని సైట్లు మనిషివేనా అని నిలదీసి ఆపేస్తాయి.

ఆ ఫైలులో ఏముంటుందో ఒక్కసారైనా తెరిచి చూడమని నా దగ్గర పని నేర్చుకునే ప్రతి విద్యార్థికీ చెబుతాను. ఆర్‌ఐఎస్ అనే రూపంలో వచ్చే ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరవవచ్చు. ప్రతి పంక్తి మొదట రెండక్షరాల గుర్తు, రెండు ఖాళీలు, ఒక అడ్డగీత, ఇంకో ఖాళీ, ఆ తర్వాత సమాచారం ఉంటాయి. టీవై అన్న పంక్తితో రికార్డు మొదలవుతుంది, అది పత్రికా వ్యాసమో పుస్తకమో సదస్సు పత్రమో అక్కడే చెబుతుంది. ఏయూ అంటే రచయిత. ఎందరు రచయితలుంటే అన్ని ఏయూ పంక్తులు విడివిడిగా ఉండాలి. పీవై సంవత్సరం, ఎస్‌పీ మొదటి పేజీ, ఈపీ చివరి పేజీ, డీఓ అంటే డీఓఐ. ఈఆర్ అన్న పంక్తితో రికార్డు ముగుస్తుంది. ఇంతకు మించి మర్మమేమీ లేదు. డేటాబేస్ ఏ గుర్తు పక్కన ఏది పెట్టి పంపితే జొటెరో దాన్ని ఆ గడిలో పెడుతుంది. తప్పు పంపితే తప్పునే అంతే నమ్మకంగా పెడుతుంది.

ఇది నాకు నష్టపడి తెలిసిన సంగతి. రెండో ఏడాదిలో ఒక డేటాబేస్ నుంచి నాలుగు వందల పైచిలుకు రికార్డులు ఒకేసారి దించుకుని, పైపైన చూసి బాగానే ఉన్నాయనుకున్నాను. నెలన్నర తర్వాత ఒక అధ్యాయం చిత్తుప్రతి తీసినప్పుడు, ముగ్గురికి మించితే మొదటి పేరు తర్వాత ‘తదితరులు’ అని రావలసిన చోట ఆరుగురి పేర్లూ బారుగా వచ్చాయి. ఫైలు తెరిచి చూస్తే, ఆ డేటాబేస్ రచయితలందరినీ ఒకే ఏయూ పంక్తిలో, మధ్య మధ్య సెమికోలన్లతో కలిపి పంపింది. జొటెరో ఆ పంక్తినంతటినీ ఒకే మనిషి పేరుగా తీసుకుంది. ఫైలులో సెమికోలన్ ఉన్న ప్రతిచోటా కొత్త పంక్తి, కొత్త ఏయూ వచ్చేలా మార్చడానికి పట్టింది పది నిమిషాలే. కానీ అప్పటికే ఆ రికార్డులు పాతవాటితో కలిసిపోయాయి, వాటిలో సగానికి నేను నోట్సూ ట్యాగులూ జతచేసుకున్నాను. వాటిని ఏరి సరిచేయడానికి రెండు ఆదివారాలు పట్టింది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. దిగుమతి చేసేటప్పుడు వచ్చే రికార్డులను కొత్త కలెక్షన్‌లో (ఫోల్డరు లాంటిది) పెట్టాలా అని జొటెరో అడుగుతుంది. ఆ గుర్తును ఎప్పుడూ తీసేయను. కొత్త కలెక్షన్‌కు ఫైలు పేరే వస్తుంది కాబట్టి, ఫైలు దించుకున్న వెంటనే దానికి డేటాబేస్ పేరు, తేదీ, శోధనలో వాడిన ముఖ్యపదం కలిపి పేరు పెడతాను. తర్వాత ఎప్పుడు లెక్క చూసుకోవాలన్నా ఏ రికార్డు ఏ రోజున ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పేరే చెబుతుంది. ఏదైనా తేడా కనిపిస్తే ఆ కలెక్షన్‌ను రికార్డులతో సహా చెత్తబుట్టలోకి పంపి, ఫైలు సరిచేసుకుని మళ్లీ తెచ్చుకుంటాను.

పబ్‌మెడ్ నుంచి వచ్చే ఫైళ్లతో నాకు ఇబ్బంది తక్కువ. అక్కడ ‘సెండ్ టు’ కింద సైటేషన్ మేనేజర్ ఎంచుకుంటే ఎన్‌బీఐబీ అనే రూపంలో ఫైలు వస్తుంది, ఒక్కసారికి పది వేల రికార్డుల వరకు తీసుకోవచ్చు. అందులో పత్రిక పూర్తి పేరు, కుదించిన పేరు రెండూ వేర్వేరుగా ఉండటం పెద్ద మేలు. వైద్య పత్రికలు చాలావరకు కుదించిన పేరునే కోరతాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రచయితల పూర్తి పేర్లను అక్కడ 2002 నుంచే నమోదు చేస్తున్నారు, అంతకు ముందు రికార్డుల్లో పొడి అక్షరాలే ఉంటాయి.

పొడి అక్షరాల మాట వచ్చింది కాబట్టి మన పేర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అనే ఆ జబ్బు మీద రాసినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు, ఈ సాఫ్ట్‌వేర్‌లన్నీ మాత్రం ఇంటిపేరు చివర ఉంటుందన్న లెక్క మీద తయారయ్యాయి. ఇంటిపేరు కొండపల్లి, పేరు వెంకటరావు అయిన ఒక రచయితను ఊహించుకోండి. ఆయన తన వ్యాసం మీద కె. వెంకట రావు అని రాసుకుంటారు. ఒక డేటాబేస్ చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని ‘రావు, కె. వి.’ అంటుంది. ఇంకొకటి ‘వెంకట రావు, కె.’ అంటుంది. ఆయన అమెరికా వెళ్లి పాస్‌పోర్టులో ఉన్నట్టుగా రాయడం మొదలుపెడితే మూడోది ‘కొండపల్లి, వి.’ అంటుంది. ఒకే మనిషి పట్టికలో ఇంగ్లిష్ అక్షరక్రమంలో మూడు వేర్వేరు చోట్ల కూర్చుంటాడు.

అంతటితో పోదు. ఏపీఏ వంటి రిఫరెన్సుల శైలిలో, ఒకే ఇంటిపేరున్న ఇద్దరు వేర్వేరు రచయితలు తగిలితే, పాఠకుడు తికమకపడకుండా వాక్యం మధ్యలో ఇచ్చే ఉల్లేఖనలో కూడా పొడి అక్షరాలు చేర్చాలన్న నియమం ఉంది. ఒక రికార్డులో ‘రావు, కె. వి.’, మరొక దానిలో ‘రావు, కె.’ అని ఉంటే జొటెరో వారిని ఇద్దరుగానే భావించి ప్రతిచోటా అక్షరాలు చేరుస్తుంది. నా థీసిస్ చదివిన పరీక్షకులు ఒకరు, కొన్నిచోట్ల మాత్రమే ఈ అక్షరాలు ఎందుకున్నాయని అడిగారు. ఆ ప్రశ్నకు మూలం దిగుమతి రోజున చూడకుండా వదిలేసిన ఒక పేరులో ఉంది. పేరూ ఇంటిపేరూ తారుమారైనచోట, రచయిత గడి మీద కుడి బొత్తాం నొక్కి రెండింటినీ మార్చే సదుపాయం జొటెరోలో ఉంది. ఇంటిపేరు విడదీయడానికి వీల్లేని ఒంటి పేర్లకు, సంస్థల పేర్లకు రెండు గడులను ఒకటిగా చేయవచ్చు. అయితే ఏ రూపం సరైనదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు; వ్యాసం మొదటి పేజీ తెరిచి, రచయిత తన పేరు ఎలా వేసుకున్నారో మనమే చూడాలి. మన పెద్దల పేర్లు మనమైనా సరిగ్గా రాయకపోతే ఇంకెవరు రాస్తారన్న పట్టుదలతోనే ఈ పనికి నేను సమయం కేటాయిస్తాను.

ఇక డూప్లికేట్లు. లైబ్రరీలో ‘డూప్లికేట్ ఐటమ్స్’ అన్న చోట నొక్కితే శీర్షిక, డీఓఐ, ఐఎస్‌బీఎన్, సంవత్సరం, రచయితలను పోల్చి జంటలను చూపిస్తుంది. వాటిలో ఏది ప్రధానమో ఎంచుకుని విలీనం చేస్తే రెండింటి ట్యాగులు, నోట్స్, కలెక్షన్లు అన్నీ ఒక్కదానికి చేరతాయి. వర్డ్ ఫైలులో అప్పటికే పెట్టుకున్న ఉల్లేఖనలు కూడా చెడవు. ఈ విషయంలో జొటెరో పనితనం మెచ్చుకోదగినది. కాకపోతే రెండు పరిమితులున్నాయి. విలీనం ఒక్కొక్క జంటకు విడిగా చేయాలి, అందువల్ల వందల జంటలున్నప్పుడు ఓపిక కావాలి. పైగా రెండు రికార్డుల రకం ఒకటే అయితేనే కలుపుతుంది. ఒక డేటాబేస్ సదస్సు పత్రమనీ ఇంకొకటి పత్రికా వ్యాసమనీ పంపిన రికార్డుల్లో ముందు ఒకదాని రకం మార్చాలి. ఇంజినీరింగ్ వైపు నుంచి వచ్చిన వాటిలో నాకు ఇది తరచుగా ఎదురైంది.

క్రమబద్ధ సమీక్ష (ఒక ప్రశ్న మీద వచ్చిన వ్యాసాలన్నిటినీ పద్ధతి ప్రకారం వెతికి రాసేది) చేసేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. అటువంటి సమీక్షలను ఎలా నివేదించాలో చెప్పే ప్రిస్మా 2020 మార్గదర్శకాల ప్రకారం ఎన్ని రికార్డులు వచ్చాయో (వీలైతే ఏ డేటాబేస్ నుంచి ఎన్నో), వాటిలో డూప్లికేట్లుగా ఎన్ని తీసేశామో ఒక ప్రవాహ పటంలో చూపించాలి. నేను మొదటిసారి ఆ అంకెలు రాసుకోకుండానే విలీనం చేసేశాను. విలీనం జరిగాక, మూడు చోట్ల నుంచి వచ్చిన వ్యాసం ఒక్కటిగానే మిగిలింది. తీసేసినవెన్నో తర్వాత తేల్చడానికి దించుకున్న పాత ఫైళ్లన్నీ వెతికి ఈఆర్ పంక్తులు లెక్కపెట్టవలసి వచ్చింది. ఆ ఫైళ్లను చెరిపేసి ఉంటే శోధన మొత్తం మళ్లీ చేయవలసి వచ్చేది. ఇప్పుడు దించుకున్న ప్రతి ఫైలునూ ముట్టుకోకుండా ఒక ఫోల్డరులో దాస్తాను, విలీనానికి ముందే అంకెలు నోటుపుస్తకంలో రాస్తాను.

శీర్షికల గురించి ఒక మాట. కొన్ని చోట్ల నుంచి, ముఖ్యంగా పాత వ్యాసాలకు, శీర్షిక అంతా పెద్ద అక్షరాల్లో వస్తుంది. జొటెరోలో దాన్ని మామూలు వాక్యంలా మార్చే ఏర్పాటు ఉంది కానీ, అన్నీ పెద్ద అక్షరాలే ఉన్న శీర్షికలో ఏది ఊరి పేరో దానికి తెలిసే దారి లేదు. నల్లగొండ పేరు కూడా చిన్న అక్షరంతో మొదలవుతుంది. నాకు ఇది వందసార్లయినా ఎదురై ఉంటుంది, ఎందుకంటే పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. ఆ పేరుతో వెతికితే ఇథియోపియా, టాంజానియాల నుంచి వచ్చిన వ్యాసాలు కూడా దొరుకుతాయి. అక్కడి ఊళ్ల పేర్లు మనకు పరిచయం లేనివి కాబట్టి వాటిని ఇంకా శ్రద్ధగా చూడాలి. రసాయన సూత్రాల్లో కిందికి రావలసిన అంకెలకు కూడా దిగుమతిలో హామీ లేదు, చేత్తో సరిచేసుకోవడమే.

డీఓఐ గడి ఖాళీగా ఉన్న రికార్డులను నేను వదిలిపెట్టను. డీఓఐ ఉంటే డూప్లికేట్లు తేలికగా పట్టుబడతాయన్నది ఒక్కటే కారణం కాదు. మన లైబ్రరీలోని రికార్డులను జొటెరో 2019 నుంచి, ఉపసంహరించుకున్న వ్యాసాల వివరాలు సేకరించే రిట్రాక్షన్ వాచ్ సమాచారంతో పోల్చి చూస్తోంది, అటువంటిది ఉంటే ఎర్రటి పట్టీతో హెచ్చరిస్తుంది. ఆ పోలిక డీఓఐ, పీఎంఐడీల ఆధారంగానే జరుగుతుంది. ఆ సంఖ్యలు లేకుండా వచ్చిన రికార్డుకు ఈ రక్షణ ఉండదు.

ఏ దారిలోనూ సరిగా రానివి కొన్ని మిగులుతాయి. మన ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వచ్చిన నెల్లూరు జిల్లా వ్యాసం స్కాన్ రూపంలో పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉంది. అటువంటి పాత వాటి సంపుటి, సంచిక, పేజీల సంఖ్యలను స్కాన్‌తో పోల్చుకోకుండా నమ్మను. తెలుగులో అచ్చయిన నివేదికలు, పుస్తకాలు ఐఎస్‌బీఎన్ ఇస్తే వచ్చినా శీర్షిక రోమన్ లిపిలో వస్తుంది. ఫైలు యూనికోడ్‌లో ఉంటే తెలుగు అక్షరాలను జొటెరో చక్కగా చూపిస్తుంది కాబట్టి, వాటిని తెలుగులోనే టైపు చేసుకుని, రోమన్ రూపాన్ని నోట్‌లో ఉంచుకుంటాను. ఇటువంటివి నా లైబ్రరీలో అరవై దాకా ఉన్నాయి. అరవైనీ చేత్తో ఎక్కించినవే.

పీడీఎఫ్‌లు సర్వర్‌లో దాచుకోవడానికి ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ నాకు ఏడాదిలోపే నిండిపోయింది. రికార్డులు మాత్రమే సింక్ చేసుకుంటే ఆ పరిమితి అడ్డురాదు.

ఇప్పుడు నెలకొకసారి, మొదటి శనివారం ఉదయం, కొత్త వ్యాసాల కోసం శోధన మళ్లీ నడుపుతాను. వచ్చే ఫైలులో ముప్ఫై నలభై రికార్డులుంటాయి. వాటిలో మొదటి పదింటిని వ్యాసం మొదటి పేజీ పక్కన పెట్టుకుని రచయితలు, సంవత్సరం, పేజీలు, డీఓఐ ఒక్కొక్కటిగా చూస్తాను. ఆ పదీ సరిగ్గా ఉంటే మిగతావాటిలో తెలుగు పేర్లున్నవి మాత్రమే తెరుస్తాను. పదిలో రెండు తప్పులు కనిపిస్తే ఆ ఫైలు మొత్తాన్నీ వెనక్కి పంపి, నోట్‌ప్యాడ్‌లో తెరుస్తాను.