ఇంట్లో బార్‌కి పాత సామానా, కొత్తదా? మూడు రకాలూ వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. సీసాలు దాచుకునే బీరువా పాతది కొనండి, గ్లాసు పెట్టే బల్ల, మనిషి కూర్చునే స్టూలు మాత్రం కొత్తవి కొనండి. మా ఇంట్లో మూడు రకాలూ ఉన్నాయి: తమిళనాడులోని కారైకుడిలో కొన్న బర్మా టేకు అద్దాల బీరువా, బార్‌గా మార్పించిన పాత రేడియోగ్రామ్ (రేడియో, రికార్డు ప్లేయరు కలిసి ఉండే) పెట్టె, ఆన్‌లైన్‌లో తెప్పించిన జోధ్‌పూర్ షీషమ్ చెక్క కౌంటరూ దాని స్టూళ్లూ. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, పడమటి ఎండ దంచే హాలు. ఎండలు, వానలు, దసరా పార్టీలు అన్నీ చూశాయి కాబట్టి ఏది నిలబడిందో ఏది నన్ను ఏడిపించిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

బీరువా సంగతి. కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి నిండా పాత సామాన్ల కొట్లే, చెట్టియార్ల పెద్ద ఇళ్లలోంచి వచ్చిన తలుపులు, స్తంభాలు, పింగాణీ, ఎనామిల్ గిన్నెలు అన్నీ అక్కడికే చేరతాయి. అమ్మేవాడు ఏ వస్తువైనా నూట యాభై ఏళ్లదే అంటాడు, వాడి మాట అలా ఉంచి సొరుగు బయటికి లాగి వెనక్కి తిప్పి చూడండి. మూలల్లో చేత్తో కోసిన జాయింట్లయితే పళ్లు ఒక్కలా ఉండవు, మెషిన్ కోతయితే అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ప్లస్ గుర్తు తల ఉన్న మరలు 1930ల తర్వాతే వాడకంలోకి వచ్చాయి, అవి కనిపిస్తే ఆ భాగమైనా తర్వాత వేసిందే. నా బీరువాలో తలుపు బందులకి అలాంటివే ఉన్నాయి, మిగతా చోట్ల ఒకే గాడి ఉన్న పాత మరలు. అంటే ఎవరో మధ్యలో బాగుచేయించారు, అంతే, దానికి బెంగ అక్కర్లేదు. నేను డబ్బు పెట్టింది వయసుకి కాదు, చెక్కకి.

అమెరికాలో ఉండే మా బావమరిది అలాంటిదే కొని షిప్‌లో పంపించుకుంటానన్నాడు. మన 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాకృతులూ పనితనం ఉన్న వస్తువులూ పురావస్తువుల లెక్కలోకి వస్తాయి, వాటిని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. అంత పాతది కాకపోతే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని పంపుకోవచ్చు. అమ్మేవాడు నిజంగా నూట యాభై ఏళ్లదే ఇచ్చాడనుకోండి, చిక్కు అప్పుడే మొదలవుతుంది.

పాత సామానుతో అసలు తలనొప్పి పాలిష్. అప్పటి చెక్క పనికి ఎక్కువగా లక్క పాలిష్ వేసేవారు, లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూత మీద పూత రుద్దుతారు. స్పిరిట్ అంటే ఆల్కహాలే కదా! మన దేశంలో అమ్మే విస్కీలో మామూలుగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది, అది ఒలికి కాసేపు నిలిస్తే ఆ పూత మెత్తబడి మచ్చ పడుతుంది. తడి గ్లాసు పెట్టినా తెల్లటి వలయమే. దసరాకి వచ్చిన చుట్టాల్లో ఒకాయన బీరువా కింది భాగం పైన ఉన్న అరుగులాంటి పలక మీద గ్లాసు పెట్టి కబుర్లలో పడ్డాడు, తెల్లారి చూస్తే పున్నమి చంద్రుడు. పాలిష్ పనిచేసే చాచాని పిలిస్తే నవ్వి, గుడ్డ ముద్దకి కొంచెం స్పిరిట్, కొంచెం లక్క పట్టించి అక్కడే రుద్ది మచ్చ కనపడకుండా చేసి వెళ్లాడు. కరిగే గుణం వల్లే మచ్చ పడింది, అదే గుణం వల్ల సులువుగా పోయింది కూడా. కొత్త కౌంటర్‌కి పీయూ (పాలీయురిథేన్, ప్లాస్టిక్ లాంటి పూత) పాలిష్, దాని మీద విస్కీ ఒలికినా తుడిస్తే సరి, కానీ లోతుగా గీత పడితే మాత్రం పలక మొత్తం గీకి మళ్లీ వేయాల్సిందే అన్నాడు అదే చాచా.

బరువు గురించి ఎవరూ ఆలోచించరు. 750 ఎంఎల్ నిండు సీసా గాజుతో కలిపి కిలో పావు దాకా తూగుతుంది, ఇరవై సీసాలంటే పాతిక కిలోలు. బర్మా టేకు అరలు చెక్కుచెదరలేదు. మా ఫ్రెండ్ ఇంట్లో పార్టికల్ బోర్డు యూనిట్ అర మాత్రం ఏడాది తిరక్కుండానే ఉయ్యాల బల్లలా మధ్యలోకి వంగింది. కొత్తది కొంటే కనీసం ప్లైవుడ్‌దా కాదా అని అడగండి.

ఇంకో లాభం, అద్దాల భాగం కింద గట్టి చెక్క తలుపులున్న భాగం ఒకటి ఉంది, మా అమ్మ ఊరి నుంచి వస్తోందంటే సీసాలన్నీ అందులోకి దిగిపోతాయి. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేశారు కానీ మా ఇంట్లో అది ఆవిడ వచ్చినప్పుడల్లా అమల్లోకి వస్తుంది.

రేడియోగ్రామ్ పెట్టె చూడ్డానికి అదిరిపోతుంది, సన్న కాళ్లు, స్పీకర్ గుడ్డ, పైమూత ఎత్తగానే అందరూ ఫొటో తీస్తారు. వాడకానికి సున్నా. పైన అంటించిన వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, అంచుల్లోకి ఐస్ నీళ్లు దిగి పొరలు లేచాయి, ఇంకా మూత ఎత్తాలంటే దాని మీద పెట్టినవన్నీ తీయాలి. అమ్మకానికి పెట్టేశాను.

జోధ్‌పూర్ కౌంటర్ గట్టిదే. ఎడారి పొడిగాలిలో తయారైన చెక్క ఇక్కడి మొదటి వానాకాలానికి ఉబ్బి సొరుగు బిగుసుకుపోయింది, కొవ్వొత్తి రుద్దితే కదిలింది. అసలు గొడవ స్టూళ్లది. కౌంటర్ 42 అంగుళాలు, దాంతోపాటు అమ్మిన స్టూళ్లు 26 అంగుళాలవి! కూర్చుంటే గడ్డం దగ్గరికి బల్ల వస్తుంది. అది 36 అంగుళాల వంటింటి గట్టుకి సరిపోయే ఎత్తు. సీటుకీ బల్లకీ మధ్య పది, పన్నెండు అంగుళాలు ఉండాలి, 42కి 30 తీసుకోవాలి. మార్పించుకోవడానికి ఆ కంపెనీతో నెలల తరబడి ఫోన్లు. వీపుకి ఆనుడు, కాళ్లు పెట్టుకునే రాడ్ లేని స్టూలు మీద మామయ్యలెవరూ రెండో పెగ్గు దాకా కూర్చోరు, అందుకే పాత స్టూళ్లు అందంగా ఉన్నా నేను వాటి జోలికి పోలేదు.

ఇరానీ హోటల్ లుక్ కావాలంటే వంపు చెక్క కుర్చీలు, పాలరాతి బల్ల మామూలు ఎత్తులోనే తెచ్చుకోండి, కౌంటర్ అక్కర్లేదు. కానీ పాలరాయి మీద నిమ్మకాయ కోయొద్దు, పులుపుకి రాయి మెరుపు పోయి మచ్చ పడిపోతుంది, అది చెక్క పాలిష్ చేసే చాచా వల్ల కాదు.

పాతది కొనేముందు గుండుసూది తలంత చిల్లులుంటే కొట్టి చూడండి, సన్నటి పిండి రాలితే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. లిఫ్ట్ తలుపు, మెట్ల మలుపు కొలుచుకుని వెళ్లండి. పాత బీరువాల్లో చాలావాటికి పై కిరీటం, కింది భాగం విడిగా ఊడొస్తాయి, మాది అలా ఊడదీసే మెట్ల మీదుగా నాలుగో అంతస్తుకి ఎక్కించాం. ఆ కూలీ ఎంతో ముందే మాట్లాడుకోండి.